పుప్పొడి లెక్క వేరు, అడవి లెక్క వేరు: మన మట్టిలో పాత వాతావరణాన్ని చదవడం

నెల్లూరు జిల్లా విడవలూరు వైపు మా మేనమామ రొయ్యల గుంట తవ్విస్తుంటే చూడ్డానికి వెళ్ళాను. పైన రెండడుగులు ఇసుక కలిసిన మట్టి, దాని కింద బూడిదరంగు బంకమట్టి. మనిషి లోతు దాటాక ప్రొక్లెయిన్ బకెట్టు నల్లటి అడుసు పైకి తెచ్చింది. గుప్పుమని కుళ్ళిన గుడ్డు వాసన. ఆ అడుసులో గవ్వల ముక్కలు, వేలి మందం పుల్లలు ఉన్నాయి. ఒక పుల్ల విరిస్తే లోపల నార ఇంకా గోధుమరంగులోనే ఉంది.

"ఏంది అల్లుడూ ఇది, ఇంత లోతులోకి కట్టె ఎట్టొచ్చింది? ఒకప్పుడు ఈడ అడివి ఉండిందా?" అని మామ అడిగాడు.

"మడ అడివి అయ్యుంటది మామా" అన్నాను. అన్నానే గానీ అది సగం సమాధానమేనని నాకూ తెలుసు. మడ చెట్లు ఉన్నాయనుకుందాం. ఎప్పుడు ఉన్నాయి? అప్పుడు వానలు ఇప్పటికన్నా ఎక్కువా, తక్కువా? గట్టు మీద ఏ చెట్లుండేవి? వాటిని ఎండ చంపిందా, గొడ్డలి చంపిందా?

మా నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఈ సంగతి గురించి రెండు రకాల మాటలు వినిపిస్తాయి. "తాతల కాలంలో ఇదంతా కారడవి, మనమే నరికి ఎడారి చేసుకున్నాం" అనేది ఒకటి. కనిగిరి, పామూరు వైపు వెళ్తే "ఇది మొదట్నుంచీ వాన చూడని నేల" అనేది రెండోది. రెండు మాటలూ గట్టి నమ్మకంతోనే అంటారు. కాగితాల్లో, శాసనాల్లో చెట్ల గురించి దొరికే సమాచారం తక్కువ, అది కూడా ఎక్కువ వెనక్కి పోదు. ఇంకా వెనక్కి వెళ్ళాలంటే మట్టినే అడగాలి. మట్టి జవాబు చెబుతుంది, కాకపోతే ఒక్కో ఆనవాలు ఒక్కో రకంగా చెబుతుంది. ఆ తేడా తెలియకుండా వింటే పొరపాటు పడతాం. నేను చదువుకున్నది వృక్షశాస్త్రం కాబట్టి ఈ చిక్కుముడిని వీలైనంత విప్పి చెప్పాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను.

కుళ్ళనిది ఏమిటి?

ఆకు రాలితే వానాకాలం తిరిగేలోపు మట్టిలో కలిసిపోతుంది. కట్టె కొన్నేళ్ళు ఆగుతుంది. పుప్పొడి రేణువు అలా కాదు. దాని లోపలి జీవకణం త్వరగానే చచ్చిపోతుంది గానీ, బయటి పెంకు స్పోరోపొలెనిన్ అనే పదార్థంతో తయారవుతుంది. మొక్కలు తయారుచేసే పదార్థాల్లో ఇంత మొండిది ఇంకొకటి చూపించడం కష్టం. గాఢ ఆమ్లాల్లో వేసినా అంత సులభంగా కరగదు. దాని అసలు శత్రువు గాలి. ఆక్సిజన్ తగులుతూ ఉంటే, తడిసి ఎండి తడిసి ఎండి, పెంకు చివికిపోతుంది.

మామ గుంటలోంచి వచ్చిన నల్ల అడుసు విలువ అక్కడే ఉంది. గాలి దూరని బురదలో బతికే బ్యాక్టీరియా సముద్రపు నీటిలోని సల్ఫేటు మీద ఆధారపడి హైడ్రోజన్ సల్ఫైడ్ వదులుతాయి. కుళ్ళిన గుడ్డు వాసన దానిదే. అది ఇనుముతో కలిస్తే మట్టి నల్లబడుతుంది. నలుపూ వాసనా కలిసి ఉన్నాయంటే ఆ పొరకు చాలా కాలంగా గాలి తగల్లేదని అర్థం. ఆ మట్టిని తవ్వి గట్టు మీద పోస్తే సల్ఫైడు గాలితో కలిసి ఆమ్లంగా మారుతుంది. కొత్త గుంటలో పీహెచ్ పడిపోయి రైతు సున్నం బస్తాలు చల్లాల్సి రావడానికి ఇదొక కారణం. రొయ్యల రైతుకు తలనొప్పి తెచ్చే ఆ పొరే పుప్పొడి చదివేవాళ్ళకు దొరికే గొప్ప పుస్తకం.

స్వీడన్‌కు చెందిన లెన్నార్ట్ వాన్ పోస్ట్ 1916లో, ఇప్పుడు ఓస్లో అని పిలిచే నగరంలో, ఒక ప్రసంగంలో మొదటిసారి మట్టి పొరల్లోని పుప్పొడి లెక్కను పటాలుగా (గ్రాఫుల్లా) గీసి చూపించాడు. కింద పొరలో ఏ చెట్టు పుప్పొడి ఎంత, దాని పైపొరలో ఎంత అని వరసగా గీస్తే అడవి మారిన క్రమం కనిపిస్తుంది. మూల సూత్రం ఈనాటికీ అదే. చెంచాడు మట్టి తీసుకుని హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో సున్నాన్ని, క్షారంతో కుళ్ళిన పదార్థాన్ని, హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంతో ఇసుకను, మరో ఆమ్ల మిశ్రమంతో మిగిలిన పీచును తీసేస్తారు. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం చర్మం మీద పడితే ఎముక దాకా దిగుతుంది కాబట్టి ఈ పని సరైన ల్యాబులో తప్ప చేయకూడదు. ఇంత చేశాక కూడా కరగకుండా మిగిలేవి పుప్పొడి, ఫెర్న్ మొక్కల సిద్ధబీజాలు, బొగ్గు నలుసులు. వాటిని మైక్రోస్కోపు కింద పెట్టి ఒక్కో నమూనాలో కనీసం రెండు మూడు వందల రేణువుల్ని గుర్తుపట్టి లెక్కపెడతారు. గడ్డిజాతి రేణువు గుండ్రంగా, ఒకే ఒక్క రంధ్రంతో ఉంటుంది. పొద్దుతిరుగుడు కుటుంబానిది ముళ్ళబంతి. తోటకూర కుటుంబానిది ఒళ్ళంతా చిల్లులున్న బంతి. చాలా రేణువులు మన తలవెంట్రుక మందం కన్నా చిన్నవి.

పుప్పొడి ఒక్కటే కాదు. వరికోతలో చేయి తెగిన ప్రతి ఒక్కరికీ రెండో ఆనవాలు పరిచయమే. గడ్డిజాతి మొక్కలు నేలలోని సిలికాను నీటితోపాటు పీల్చుకుని ఆకుల్లో, పొట్టులో గాజు నలుసుల్లా దాచుకుంటాయి. ఊకను కాల్చినా బూడిద అంత మిగలడానికి, ఆ బూడిదతో గిన్నెలు తోమితే మెరవడానికి కారణం ఈ సిలికానే. ఈ నలుసుల్ని ఫైటోలిత్‌లు అంటారు. మొక్క కుళ్ళినా, కాలినా అవి నేలలో ఉండిపోతాయి. ముఖ్యంగా, ఎండకు చావవు. ప్రతి వేసవికీ నెర్రెలిచ్చే మన మెట్ట చెరువుల్లో పుప్పొడి నశించినా ఫైటోలిత్ ఉంటుంది. ఐరోపా చిత్తడి నేలల కోసం పుట్టిన పద్ధతుల్ని మన నేలకు తెచ్చుకునేటప్పుడు ఈ తేడా చాలా పెద్దది. మూడో ఆనవాలు బొగ్గు, నాలుగోది ఆకు మీది మైనం. తామరాకు మీద నీటిబొట్టు నిలవడానికి కారణమైన మైనం లాంటిదే కొద్దో గొప్పో ప్రతి ఆకు మీదా ఉంటుంది. గాలికీ వరదకీ కొట్టుకుపోయి సముద్రం అడుగున చేరినా వేల ఏళ్ళు చెడదు.

వెయ్యి చెట్లుండీ ఒక్క రేణువూ దొరక్కపోవచ్చు

అసలు చిక్కు ఇక్కడ మొదలవుతుంది. పటంలో గడ్డి పుప్పొడి 70 శాతం, చెట్లది 10 శాతం అని ఉంటే, చుట్టూ బయలు, అక్కడక్కడా చెట్టు అని అనుకుంటాం. చలిదేశాల్లో అది చాలావరకు సరిపోతుంది. అక్కడి అడవిచెట్లలో ఎక్కువ గాలి మీద ఆధారపడి బస్తాల కొద్దీ పుప్పొడి వెదజల్లుతాయి. ఉష్ణమండలంలో చెట్లు ఎక్కువగా తేనెటీగల్ని, పురుగుల్ని, గబ్బిలాల్ని నమ్ముకుంటాయి. పువ్వు దగ్గరికే వచ్చే అతిథి ఉన్నప్పుడు పుప్పొడి గాలిలో పారబోయాల్సిన అవసరం చెట్టుకు ఉండదు.

మన ఎర్రచందనాన్నే తీసుకోండి. రాపూరు, ఉదయగిరి వైపు వెలిగొండల్లో పెరిగే ఈ చెట్టు తేనెటీగల మీద ఆధారపడుతుంది. కొండ కింద కుంటలోని మట్టి తీసి లెక్కపెడితే ఎర్రచందనం రేణువులు కనిపించకపోవచ్చు. కనిపించినా అదే చిక్కుడు కుటుంబంలోని వేరే చెట్ల రేణువుల నుంచి విడదీయడం కష్టం. అదే కుంటలో గట్టు మీది గడ్డి పుప్పొడి కుప్పలుగా ఉంటుంది. కళ్ళెదురుగా కొండ నిండా చెట్లు, మైక్రోస్కోపులో మాత్రం పచ్చిక. ఈ సంగతి తెలియకుండా పాత పటాల్ని చదివితే మన పూర్వపు నేలంతా ఉన్నదానికన్నా బోడిగా కనిపిస్తుంది.

మడ అడవిలోనూ ఇదే. ఉప్పుపొన్న చెట్టు పుప్పొడిని ధారాళంగా వదులుతుంది, తెల్లమడ పొదుపుగా వదులుతుంది. కృష్ణపట్నం, కండలేరు కయ్యల (సముద్రపు నీరు లోపలికి వచ్చే పాయల) వెంట ఇప్పుడు కనిపించేది ఎక్కువగా తెల్లమడే. ఒక పొరలో ఉప్పుపొన్న రేణువులు వెయ్యి, తెల్లమడవి ఇరవై దొరికాయంటే చెట్లు కూడా అదే పాళ్ళలో ఉన్నాయని కాదు. తెల్లమడ రేణువులు ఇరవై దొరకడమే ఆ చెట్టు పక్కనే నిలబడి ఉందనడానికి గట్టి ఆధారం కావచ్చు.

ఒకే రేణువు రెండు కథలు చెప్పడం ఇంకో ఇబ్బంది. తోటకూర కుటుంబపు చిల్లుల బంతి గురించి ముందే చెప్పాను. ఆ కుటుంబంలో ఎండిన బీడుల్లో పెరిగే మొక్కలున్నాయి, సముద్రం ఒడ్డున చవుడు నేలల్లో పెరిగే ఎర్రటి గుజ్జు మొక్కలూ ఉన్నాయి. రేణువులు చూస్తే ఎవరు ఎవరో చెప్పడం కష్టం. రాజస్థాన్ మట్టిలో అవి పెరిగితే కరువు అనుకోవచ్చు. పులికాట్ మట్టిలో పెరిగితే? (ఆంధ్ర వైపు పులికాట్ 2022లో జిల్లాలు మారాక తిరుపతి వైపు పోయింది గానీ, మాకు అది ఇప్పటికీ మా సరస్సే.) వాన తగ్గిందా, లేక ఉప్పునీరు వెనక్కి పోయి ఒడ్డున చవుడు బయటపడిందా? రేణువు ఒక్కటే చూసి చెప్పలేం. ఆ పొరలో డయాటమ్ అనే నాచుజీవుల పెంకులు ఉప్పునీటివా మంచినీటివా అని కూడా చూడాలి. మద్ది, కరక్కాయ చెట్ల కుటుంబానిదీ ఇలాంటి ఇబ్బందే. ఇక గడ్డి సంగతి చెప్పక్కర్లేదు. దర్భ, వరి, సజ్జ అన్నీ ఒకే ఒంటి రంధ్రపు బంతులు. మొక్కజొన్నది మాత్రం చాలా పెద్దది కాబట్టి దొరికిపోతుంది.

శాతాల మోసం వేరే ఉంది. ఒక పొరలో చెట్లవి 100, గడ్డివి 100 రేణువులు చేరాయనుకుందాం. చెట్లు 50 శాతం. పై పొర నాటికి చెట్లు అన్నీ అలాగే ఉన్నాయి, గడ్డి మాత్రం పెరిగి 300 రేణువులు చేరాయి. ఇప్పుడు చెట్లు 25 శాతం. పటం చూసినవాళ్ళు అడవి సగం పోయిందంటారు. ఒక్క చెట్టు కూడా పోలేదు. దీన్ని తప్పించుకోవడానికి ఒక చక్కని ఉపాయం ఉంది. మట్టి శుద్ధి చేసే ముందే, మన దగ్గర పెరగని లైకోపోడియం అనే చిన్న మొక్క సిద్ధబీజాల్ని తెలిసిన సంఖ్యలో కలుపుతారు. 10,000 కలిపామనుకోండి. లెక్కపెట్టేటప్పుడు 50 లైకోపోడియం, 300 పుప్పొడి కనిపించాయి. అంటే పుప్పొడి ఆరు రెట్లు, మొత్తం 60,000. ధాన్యం రాశిలో లెక్కపెట్టిన ఎర్రగింజలు కలిపి, గుప్పెడు తీసి చూసి రాశి మొత్తం అంచనా కట్టడం లాంటిది. అప్పుడు ప్రతి మొక్క లెక్కా పక్కమొక్కతో సంబంధం లేకుండా తెలుస్తుంది.

వీటన్నిటికీ మించిన మందు ఈనాటి అడవిని చదవడం. ఏ చెట్లు ఎన్ని ఉన్నాయో కళ్ళతో లెక్కపెట్టి, అదే చోట పైమట్టి తీసి పుప్పొడి చూస్తే, ఎంత అడవికి ఎంత పుప్పొడి అన్న తూకం దొరుకుతుంది. పాండిచ్చేరి ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు పశ్చిమ కనుమల్లో, తూర్పు కనుమల దక్షిణ కొసన బిళిగిరిరంగన్, మేలగిరి కొండల్లో ఈ పని ఓపిగ్గా చేశారు. లక్నోలో 1946లో మొదలైన బీర్బల్ సాహ్ని సంస్థ దేశమంతటా చేస్తోంది. నా అభిప్రాయంలో వెలిగొండ, నల్లమల, శ్రీహరికోట అడవులకు ఇలాంటి తూకం ఎంత వివరంగా తయారైతే మన పాత మట్టి గురించి అంత ధైర్యంగా మాట్లాడగలం.

కార్బన్‌కు వరిపొలం, అడవి ఒకటే

పుప్పొడి ఇలా తడబడే చోట కార్బన్ సాయానికి వస్తుంది. గాలిలోని కార్బన్‌లో దాదాపు అంతా కార్బన్-12. నూటికి ఒకటి కాస్త బరువైన కార్బన్-13. చెట్లు, వరి, పప్పుజాతులు సి-3 అనే పద్ధతిలో ఆహారం తయారుచేసుకుంటాయి. అవి బరువు కార్బన్‌ను ఎక్కువగా వదిలేస్తాయి. జొన్న, సజ్జ, రాగి, చెరకు, మన బీళ్ళలో పెరిగే గడ్డిలో చాలా రకాలు సి-4 పద్ధతివి. వేడిలో, తక్కువ నీటితో నెగ్గుకొచ్చే పద్ధతి అది. వాటిలో బరువు కార్బన్ కాస్త ఎక్కువ. ప్రయోగశాల కొలమానంలో సి-3 మొక్కలు వెయ్యికి మైనస్ 27 దగ్గర, సి-4 మొక్కలు మైనస్ 12 దగ్గర ఉంటాయి (బరువు కార్బన్ ఎంత తక్కువైతే మైనస్ అంత పెద్దది). మొక్క కుళ్ళి రూపం పోయినా ఈ ముద్ర మట్టిలో ఉంటుంది. పొర పొరకీ కొలిస్తే చెట్లు ఎక్కువా, ఎండు పచ్చిక ఎక్కువా అన్నది తెలుస్తుంది.

ఈ దారిలో వచ్చిన ఫలితాలు గట్టివి. నీలగిరుల పీట్ మట్టిని (చిత్తడిలో సగం కుళ్ళిన మొక్కలు పేరుకున్న మట్టిని) శాస్త్రవేత్త సుకుమార్ బృందం చదివి 1993లో ప్రచురించింది. సుమారు 20,000 ఏళ్ళ క్రితం మంచుయుగం తీవ్రంగా ఉన్నప్పుడు అక్కడ సి-4 గడ్డి హెచ్చుగా ఉంది. ఆ తర్వాత వానలు బలపడి పదకొండు వేల ఏళ్ళ కిందటికి తేమ బాగా పెరిగింది, ఆరు వేల ఏళ్ళ నుంచి మళ్ళీ ఎండడం మొదలైంది. కార్వార్ దగ్గర అరేబియా సముద్రం అడుగు మట్టిలో కారతిని బృందం చదివిన పుప్పొడిలో సుమారు 3,500 ఏళ్ళ క్రితం అడవి రేణువులు తగ్గి పచ్చిక రేణువులు పెరిగాయి. మన బంగాళాఖాతంలో గోదావరి ముఖద్వారానికి ఎదురుగా తీసిన మట్టిస్తంభంలో ఆకు మైనాన్ని కొలిచి 2012లో పోంటన్, జోసాన్ తదితరులు ఒక స్పష్టమైన కథ చెప్పారు. 4,000 ఏళ్ళ క్రితం నుంచి 1,700 ఏళ్ళ క్రితం దాకా ఎండను తట్టుకునే మొక్కలు క్రమంగా పెరుగుతూ వచ్చాయి, ఆ తర్వాత అవే నిలబడిపోయాయి.

వీటిని చూసి "అదిగో, మన జిల్లా కూడా నాలుగు వేల ఏళ్ళుగా ఎండుతోంది" అనడం తొందరపాటు. గోదావరి మట్టి మహారాష్ట్ర నుంచి తెలంగాణ దాకా దక్కన్ పీఠభూమి కథ. ఆ నేలను తడిపేది నైరుతి. నెల్లూరులో ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య, ఈశాన్య రుతుపవనాల్లో, వాయుగుండాల్లో పడుతుంది. ఈ రెండు వానలూ ఒకే తాళానికి ఆడాలని లేదు. నైరుతి బాగా పడిన ఏడాది మాకు ఎండిపోవడం, నైరుతి ముఖం చాటేసిన ఏడాది నవంబరులో చెరువులు తెగడం మేం చూస్తూనే ఉన్నాం. వేల ఏళ్ళ లెక్కలో కూడా అలా జరిగి ఉండొచ్చు. మరి పెన్నా ముఖద్వారంలో తవ్వితే సరిపోతుందా? పెన్నా నంది కొండల్లో పుట్టి, అనంతపురం, కడప మీదుగా దాదాపు 600 కిలోమీటర్లు నడిచి ఊటుకూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఆ మట్టిలో సింహభాగం రాయలసీమది. నెల్లూరు వాన గురించి అడగాలంటే నెల్లూరు నీరు మాత్రమే చేరే చిన్న చెరువుల్ని, కయ్యల్ని వెతకాలి. చిన్న గుంట చుట్టుపక్కల సంగతి చెబుతుంది, నదీముఖం పరగణాల సంగతి చెబుతుంది.

కార్బన్ ముద్రకూ సొంత చిక్కులున్నాయి. మంచుయుగంలో గాలిలో కార్బన్ డయాక్సైడు పది లక్షలకు 180, 190 భాగాల దగ్గర ఉంది. అది తక్కువగా ఉన్నప్పుడు వాన తగ్గకపోయినా సి-4 గడ్డికి పైచేయి దొరుకుతుంది. కాబట్టి అప్పటి గడ్డినంతటినీ కరువు ఖాతాలో వేయకూడదు.

రెండో చిక్కు నాకు ఎక్కువ ముఖ్యం, ఎందుకంటే మామ ప్రశ్న అక్కడే ఆగుతుంది. డెల్టాలో అడవి నరికి వరి వేశారనుకోండి. అడవి సి-3, వరి సి-3. కార్బన్‌కు ఏ మార్పూ కనిపించదు. మెట్టలో బలుసు, కలివి, రేగు, పరికి పొదల మధ్య గడ్డి ఉన్న చోట దున్ని సజ్జ వేశారనుకోండి. కార్బన్‌కు నేల ఎండినట్టు కనిపిస్తుంది, నిజానికి వాన అంతే పడుతోంది. గోదావరి మట్టిలో పచ్చిక పెరగడం మొదలైన కాలంలోనే దక్కన్‌లో నవీన శిలాయుగపు రైతులు పశువుల్ని మేపుతూ, అండుకొర్రలు, ఉలవలు, పెసలు పండిస్తూ ఉన్నారు. తర్వాత ఆఫ్రికా నుంచి జొన్న, సజ్జ వచ్చాయి. అండుకొర్ర, జొన్న, సజ్జ మూడూ సి-4 పంటలే. వాతావరణం ఎండిందా, మనిషి దున్నాడా అన్న ప్రశ్న ఇంతగా ముడిపడిపోవడానికి కారణం, ఎండుతున్న నేల మీదే మనిషి సేద్యం విస్తరించడం.

ఈ ముడి ఒక్క ఆనవాలుతో విడిపోదు. వరి ఆకులో విసనకర్ర ఆకారపు ఫైటోలిత్ ఉంటుంది, దాని అంచున చేపపొలుసుల్లాంటి గుర్తులుంటాయి. వరిపొట్టుది రెండు కొమ్ముల ఆకారం. కార్బన్ కదలకుండా ఉండి, ఇవి ఒక్కసారిగా పెరిగి, బొగ్గు నలుసులు ఎక్కువై, చెట్ల పుప్పొడి తగ్గితే అది గొడ్డలి పని. సేద్యం ఛాయలేవీ లేకుండా, కొండ మీదా లోయలోనా ఒకే కాలంలో పచ్చిక పెరిగితే అది వాన పని. నెల్లూరు పేరు మీదా ఇలాంటి తగవే ఉంది. నెల్లి అంటే ఉసిరిచెట్టు నుంచి వచ్చిందని కొందరు, నెల్లు అంటే వరి నుంచి వచ్చిందని కొందరు అంటారు. ఊరి పేరు నిండా అడవి ఉందా, పొలం ఉందా అన్న ప్రశ్నే.

ఎప్పటిది?

వయసు తెలియని పొర పేజీ నంబరు లేని కాగితం. 50,000 ఏళ్ళ లోపు అయితే రేడియోకార్బన్ (ప్రాణి చచ్చాక ఒక లెక్క ప్రకారం తగ్గిపోయే కార్బన్ రకం) పనికొస్తుంది. దాని అర్ధాయువు, అంటే సగానికి తగ్గే కాలం, 5,730 ఏళ్ళు. కానీ దేన్ని కొలుస్తున్నామన్నది చూసుకోవాలి. సముద్రపు గవ్వ తన అసలు వయసు కన్నా కొన్ని వందల ఏళ్ళు ముసలిదిగా చెబుతుంది, ఎందుకంటే సముద్రపు నీటిలోనే పాత కార్బన్ ఉంటుంది. మామ గుంటలో గవ్వా పుల్లా పక్కపక్కనే దొరికాయి. నేనైతే సన్నటి పుల్లనే పంపుతాను. లావు మొద్దు వద్దు, అది చచ్చాక ఎన్నేళ్ళు నీళ్ళలో తేలిందో తెలియదు.

పొరలు కలిసిపోవడం మా వైపు పెద్ద సమస్య. మడ బురదలో ఎండ్రకాయలు చేతెడు లోతు బొరియలు తవ్వి కిందిది పైకి, పైది కిందికి తెస్తాయి. ఒంగోలు చుట్టుపక్కల నల్లరేగడి వేసవిలో చేయి పట్టేంత పగుళ్ళిస్తుంది, పైమట్టి అందులోకి రాలుతుంది. చెరువుల్లో పూడిక తీసి పొలాలకు తోలుతాం. అది పొలానికి బలం, మంచి అలవాటే. అయితే కొన్ని వందల ఏళ్ళ పుటలు ఒక్క వేసవిలో చిరిగిపోతాయి. 15వ శతాబ్దం నాటిదని చెప్పే కంభం చెరువుకు 2020లో అంతర్జాతీయ సాగునీటి వారసత్వ గుర్తింపు వచ్చింది. అలాంటి చెరువు అడుగున ఎవరూ కదపని మూల ఒకటి మిగిలితే, ఐదారు వందల ఏళ్ళ నల్లమల చరిత్ర అక్కడ ఉండొచ్చు.

ఇటీవలి కాలానికి మాత్రం మన చెట్లే తేదీలు వేసిపెట్టాయి. సరుగుడు తోటలు మన తీరంలో 19వ శతాబ్దం నుంచి పెరిగాయి. దాని పుప్పొడి గాలికి బాగా ఎగురుతుంది, కాబట్టి పొరలో అది ఒక్కసారిగా మొదలైన చోట గీత గీసుకోవచ్చు. మనం చిల్లచెట్టు అనే సర్కారు తుమ్మను 1877లో కడప జిల్లా కమలాపురం ప్రాంతంలో నాటారు. దాని రేణువు దొరికిన పొర అంతకు ముందుది కాదు. జామాయిల్ ఇంకా పైపొరల్లో వస్తుంది. మొక్కజొన్న దొరికితే అమెరికా ఖండాలతో సంబంధం ఏర్పడ్డాకే. నల్లమలకు అవతల, ఇప్పటి నంద్యాల జిల్లా జ్వాలాపురంలో సుమారు 74,000 ఏళ్ళ నాటి, ఇండోనేషియాలోని టోబా అగ్నిపర్వతపు బూడిద పొరగా ఉంది. గిన్నెలు తోమే పొడి కోసం తవ్వుకుపోయే ఆ బూడిద, ఉన్నచోటల్లా ఒక తేదీముద్ర.

మళ్ళీ మామ ప్రశ్నకు వస్తాను. 20,000 ఏళ్ళ క్రితం సముద్రం ఇప్పటికన్నా సుమారు 120 మీటర్లు దిగువన ఉండేది. మన తీరం చాలా తూర్పుకు ఉండేది, విడవలూరు లోతట్టు ఊరు. మంచు కరిగి నీరు పెరిగి, ఏడు నుంచి ఆరు వేల ఏళ్ళ క్రితం ఇప్పటి మట్టానికి దగ్గరగా వచ్చింది. కాబట్టి ఆ నల్ల అడుసు ఆ తర్వాతి కాలపు మడ బురద అయ్యే అవకాశం ఎక్కువ. అది అక్కడికి ఉప్పునీరు వచ్చిందని చెబుతుంది, వానలు ఎక్కువ పడ్డాయని చెప్పదు. మడ పుప్పొడి పెరిగితే తేమ పెరిగిందని రాసేయడం తేలికగా జరిగే పొరపాటు. గట్టు మీద ఏమున్నదో తెలియాలంటే, అదే అడుసులో తక్కువగా దొరికే మెట్టచెట్ల రేణువుల్ని ఓపిగ్గా వెతకాలి. శ్రీహరికోటలో ఇప్పటికీ మిగిలిన పాల, నేరేడు, అల్లి చెట్ల పొట్టి పచ్చని అడవి ఒకప్పుడు ఈ ఇసుక దిబ్బల మీద ఇంకా ఉత్తరాన దాకా ఉండేదా అన్న ప్రశ్నకు జవాబు ఆ కొద్ది రేణువుల్లో ఉంది.

ఆ జవాబు ఉన్న మట్టి ఇప్పుడు వేగంగా పోతోంది. ప్రతి కొత్త గుంటా ఒక పొరల గోడను తెరుస్తుంది, వారంలో దాన్ని చదును చేసేస్తారు. మీ వైపు తవ్వకంలో నల్ల పొర కనిపిస్తే గట్టు మీద పోసిన మట్టి తీయకండి, అది కలిసిపోయింది. లోపలికి దిగేముందు గోడ విరిగిపడేలా ఉందేమో చూడండి. కత్తితో గోడ పైచెక్కు తీసేయండి, కింది నుంచి పైకి గీకకుండా అడ్డంగా గీకండి. లేకపోతే ఒక పొర మట్టి ఇంకో పొరకు అంటుతుంది. జానెడు జానెడు దూరంలో పిడికెడు మట్టి తీసి గాలి చొరకుండా ప్లాస్టిక్ కవర్లో చుట్టండి. కవరు మీద ఊరు, తేదీ, నేలమట్టం నుంచి లోతు రాసి, పైవైపు ఎటో బాణం గుర్తు పెట్టండి. ఫ్రిజ్‌లో పెట్టండి గానీ డీప్ ఫ్రీజర్‌లో వద్దు. తర్వాత దగ్గర్లోని యూనివర్సిటీలో భూగర్భశాస్త్రమో వృక్షశాస్త్రమో చెప్పేవాళ్ళకు చూపించండి. మామ గుంటలోంచి తీసిన తొమ్మిది కవర్లు మా ఇంట్లో ఫ్రిజ్ కింది అరలో ఉన్నాయి.